చింతమొక్కకు చుట్టిన తీగ

వరూధిని స్కూల్ బ్యాగ్ ఇంకా దించనేలేదు. మంచం మీది నుంచి అవ్వ అడగనే అడిగింది.

"వరూ, మొక్క ఎట్లుండాదే?"

"బాగుండాదవ్వా. ఇంకో కొత్త ఆకు వచ్చింది."

"అవునా! అయితే ఏడు," అంటూ అవ్వ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. వరూధిని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎందుకంటే మిద్దె మీద మొక్కే లేదు. అది చచ్చిపోయి ఆరు రోజులైంది.

భాగీరథమ్మ అవ్వకు కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు మెట్లెక్కొద్దని డాక్టర్ చెప్పాడు. అందుకే కుండీని మనవరాలికి అప్పగించింది. అది మామూలు మొక్క కాదు మరి! బళేపేటలో వాళ్ళ గాజుల అంగడి ముందు పెద్ద చింతచెట్టు ఉండేది. తాత రోజూ ఆ నీడలోనే కూర్చునేవాడు. ఇప్పుడు తాత లేడు. పోయిన ఏడాది రోడ్డు వెడల్పు చేస్తూ చెట్టునూ కొట్టేశారు. రాలిన కాయల్లోంచి అవ్వ నాలుగు గింజలు దాచింది. మూడు నాటితే ఒక్కటే మొలిచింది. దాన్ని కుండీలోనే పొట్టిచెట్టుగా, బోన్సాయ్‌గా పెంచి తాత ఫోటో పక్కన పెట్టాలని ఆమె ఆశ. దానికోసం రెండు రోజులు క్లాసుకు కూడా వెళ్ళొచ్చింది.

"రెండేండ్లు దాన్ని ముట్టకుండా సుమ్మనే పెరగనియ్యాల. కాండం గట్టిపడినాకే వంచేది," అని అవ్వ ముందే చెప్పింది.

వినేవాళ్ళెవరు? వరూధిని ఫోన్‌లో ఒక వీడియో చూసింది. అందులో బోన్సాయ్‌కి తీగ చుట్టి అందంగా వంపు తిప్పారు. అంగడిలో గాజులు కట్టే సన్న తీగకు కొదవా? ఒక ముక్క తెచ్చింది. అగ్గిపుల్లంత కాండానికి బిగించి చుట్టి, వంచేసింది. మెట్లెక్కి వచ్చిన రోజు అవ్వ చూసి మురిసిపోవాలట!

మూడో రోజుకు తీగ లేత తొక్కలోకి దిగిపోయింది. తీయబోతే కాండం పుటుక్కున విరిగింది.

ఇప్పుడు అవ్వ గోడ మీది ఫోటోతో మాట్లాడడం వంటింట్లోకి వినిపించింది.

"వినపడిందా? మన చెట్టు ఏడాకులు వేసింది. నీ మనవరాలే సాకుతా ఉండాది."

వరూధినికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇక ఆమె వల్ల కాలేదు.

"అవ్వా, మొక్క లేదు. తీగ చుట్టి నేనే చంపేస్తిని. ఆరు దినాల నుంచి నీకు అబద్ధమే చెప్తా ఉండాను."

అవ్వ మడిచిన వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. ఆ పూట అన్నం వద్దంది. వరూధిని కూడా తినలేదు.

మర్నాడు పొద్దున అవ్వ కుంకుమ డబ్బాలోంచి చివరి గింజ తీసింది. పైతొక్క అరిగేలా గరుకు నేల మీద కొంచెం రుద్ది, నీళ్ళలో నానేసింది.

"మొక్క పోతే పోనీ, ఏడ్చి ఊరుకుందును. లేని ఆకులు లెక్కపెట్టిస్తివి కదే!" అంది.

వరూధిని మిగిలిన తీగను అంగడిలో ఇచ్చేసి వచ్చింది. నానిన గింజను తనే నాటింది.

పన్నెండో రోజు స్కూల్ నుంచి రాగానే మిద్దె ఎక్కింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. కుండీలో తడి మట్టి తప్ప ఏమీ లేదు. వేలితో తవ్వి చూద్దామా అనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని దిగి వచ్చింది.

"మొలిచిందా?" అని అవ్వ ఆత్రంగా అడిగింది.

అవునని చెప్తే అవ్వ ఎంత సంతోషపడుతుందో! మాట నోటిదాకా వచ్చింది.

"లేదవ్వా," అంది వరూధిని. "ఉత్త మట్టే ఉండాది."

అవ్వ ముఖం వాడిపోయింది. అయినా చెయ్యి చాపి, వరూధిని చెయ్యి పట్టుకుంది.

"కానీలే. రేపు కూడా నువ్వే చూసి చెప్పు."