చూసి రాసిన ఇష్టాలు

"టీయా, కాఫీయా? మీకేది ఇష్టమో చెప్పండి," అన్నాడు లిఫ్ట్ మెకానిక్, పెన్ను తెరిచి పట్టుకుని.

"మీ ఇష్టం," అంది ఆమె.

"నా ఇష్టం నాకు తెలుసండీ. ఇక్కడ మీది రాసుకోమన్నారు."

"ఏదైనా పర్లేదు. ఏదో ఒకటి రాసేసుకోండి."

"ఏదో ఒకటంటే ఎలా? రెండూ ఒకే కప్పులో పోసి ఇమ్మంటారా?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు చెవులు వేడెక్కాయి. ఈ మనిషి పక్కన నెలంతా కూర్చోవాలా అనుకుంది.

ప్రింటింగ్ ప్రెస్సు మీది మేడగదిలో, రోజూ సాయంత్రం ఆరింటికి పనిచేసుకునేవాళ్ల కోసం ఇంగ్లీషు క్లాసు జరిగేది. కింద మెషిన్లు నడుస్తుంటే పైన బెంచీలు సన్నగా వణికేవి. పాఠం చెప్పే మేడమ్ బడి ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్లయింది కానీ, ఆవిడ గొంతు ఇంకా రిటైర్ కాలేదు. ఆ రోజు పాఠం ఇష్టాయిష్టాలు చెప్పడం. దీనికన్నా నాకు అది ఇష్టం, ఇలా చేయడంకన్నా అలా చేయడం ఇష్టం అని ఇంగ్లీషులో ఎలా అనాలో బోర్డు నిండా రాసి, ఆవిడ అందరినీ జంటలుగా కూర్చోబెట్టింది.

"నెలాఖరున పరీక్ష. ఎవరి సంగతి వాళ్లు చెప్పుకోవడం కాదు. మీ పక్కవాళ్ల ఇష్టాలు పది చెప్పాలి. అడిగి తెలుసుకోండి," అంది.

ఆమెకు అడగడం బాగా వచ్చు. కళ్లద్దాల షాపులో ఆమె పనే అది. వచ్చినవాళ్ల కళ్లకు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, అది బాగుందా?" అని రోజుకు నలభై మందిని అడుగుతుంది. జవాబు చెప్పడమే అలవాటు లేదు. తొమ్మిదేళ్లప్పుడు అమ్మానాన్నా పోతే, పంతొమ్మిదేళ్ల అన్నయ్య చదువు మానేసి బేకరీలో చేరి ఆమెను పెంచాడు. అంత చేసినవాడి దగ్గర నాకిది కావాలి, అది వద్దు అని పేచీ పెట్టకూడదని అప్పుడే నిశ్చయించుకుంది. "నీ ఇష్టం అన్నయ్యా" అనడం అలా మొదలై, చివరికి షాపులోనూ బజారులోనూ బస్సులోనూ నోటికి అదే వచ్చేది.

"మీఇష్టం గారూ, నా పేజీ ఖాళీగా ఉంది," అన్నాడు మెకానిక్.

విసుగొచ్చి, ఆమె ఒళ్లో పుస్తకం తెరిచి పద్నాలుగో పేజీలో ఉన్న ఉదాహరణలు వరసగా చదివేసింది. "ఐ ప్రిఫర్ కాఫీ టు టీ. ఐ ప్రిఫర్ వాకింగ్ టు టేకింగ్ ద బస్. ఐ ప్రిఫర్ రెయిన్ టు సన్‌షైన్..." పదీ అయిపోయాయి. అతను నూనె మరకల నోటుబుక్కులో అక్షరం పోకుండా రాసుకున్నాడు. తర్వాత తన వంతు వచ్చినప్పుడు కాస్త తటపటాయించి, పుస్తకం వైపు ఓ చూపు చూసి, "ఐ ప్రిఫర్ సైలెన్స్ టు టాకింగ్," అని మొదలుపెట్టాడు.

ఇంతసేపూ గలగలా వాగింది ఈయనేనా అనుకుంది కానీ, రాసుకుంది.

మర్నాడు అతను ఫ్లాస్కుతో వచ్చాడు. అందులో కాఫీ.

"మీకు కాఫీ ఇష్టం కదా. మా సైటు దగ్గర మంచిది దొరుకుతుంది."

ఆమెకు కాఫీ వాసన తగిలితేనే కడుపులో తిప్పుతుంది. వద్దందామని నోరు తెరిచింది. పొద్దుట్నుంచీ ఎక్కడెక్కడో తిరిగిన మనిషి, భుజానికి పనిముట్ల సంచితో పాటు ఆ ఫ్లాస్కు కూడా మోసుకొచ్చాడు. ఆమె కోసమే మోసుకొచ్చాడు. ఊపిరి బిగబట్టి తాగేసింది. "బాగుంది," అంది. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు.

క్లాసు అయ్యాక బస్టాపు దాటుకుని ముందుకు నడిచాడు. "మీకు నడకే ఇష్టం కదా!" రోజంతా నిలబడి పొంగిన కాళ్లతో రెండు కిలోమీటర్లు నడిచింది. అతనికి మౌనం ఇష్టమని దారిపొడవునా ఒక్క మాటా మాట్లాడలేదు. అతనూ ఒకటి రెండు సార్లు ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఇంకో సాయంత్రం వాన పట్టుకుంది. అతని దగ్గర గొడుగుంది. ఆమె హమ్మయ్య అనుకునేలోపే అతను దాన్ని టక్కున మూసి చంకలో పెట్టుకుని, జుట్టులోంచి నీళ్లు కారుతుంటే ఆమెను చూసి నవ్వాడు, ఎంత పెద్ద కానుక ఇచ్చానో చూశారా అన్నట్టు. మూడు రోజులు తుమ్మింది. తుమ్మిన ప్రతిసారీ ఆ నవ్వు గుర్తొచ్చి ఆమెకూ నవ్వొచ్చేది.

పరీక్షకు ఇంకా మూడు రోజులుందనగా, ఇంట్లో అన్నయ్య ఒక సంబంధం తెచ్చాడు. బేకరీ ఓనరు తమ్ముడి కొడుకు. మంచివాడే, వంక పెట్టడానికి లేదు. "ఆదివారం మాట చెప్పాలి. ఏమంటావ్?" అని అడిగాడు అన్నయ్య.

"నీ ఇష్టం అన్నయ్యా."

అలవాటు కొద్దీ అనేసింది. అన్నాక మాత్రం కంచంలో అన్నం కలిపిందే కలుపుతూ కూర్చుంది.

శుక్రవారం పరీక్ష. ముందు మెకానిక్ లేచాడు. నోటుబుక్కు మూసి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "షి ప్రిఫర్స్ కాఫీ టు టీ. షి ప్రిఫర్స్ వాకింగ్..." పదీ తడుముకోకుండా చెప్పాడు. తన గొప్పలు చెప్పుకుంటున్నంత సంబరంగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

లోకంలో లేని ఒక అమ్మాయిని ఇతను ఇంత శ్రద్ధగా కంఠతా పట్టాడు. ఆదివారం మాట ఇచ్చేస్తే ఇంకొకళ్లు వచ్చి అలాంటి అమ్మాయినే తీసుకుపోతారు. మరి తనెక్కడ?

"మేడమ్, అవన్నీ తప్పు," అంది లేచి.

"తప్పా? గ్రామర్ ఎక్కడా తప్పలేదే!"

"ఆయన తప్పు కాదు మేడమ్. నేనే పుస్తకంలోవి చదివేశాను. పద్నాలుగో పేజీ."

మెకానిక్ అలాగే ఆమె వైపు తిరిగాడు. "కాఫీ?"

"కడుపులో తిప్పుతుంది."

"నడక?"

"మధ్యాహ్నానికే కాళ్లు పొంగిపోతాయి."

"వాన కూడానా? నేను గొడుగు మూశానండీ!"

"మూడు రోజులు తుమ్మాను."

"మరి నెల రోజులూ ఎందుకు తాగారు? ఎందుకు నడిచారు? వద్దనొచ్చుగా!"

"నాకిష్టమని ఒకరు పనిగట్టుకుని తెచ్చివ్వడం నాకు కొత్త. వద్దంటే అది కూడా పోతుందేమోనని భయమేసింది," అంది. తల దించుకోలేదు.

కింద మెషిన్లు సరిగ్గా అప్పుడే ఆగాయి. మెకానిక్ తల గోక్కున్నాడు.

"మేడమ్, నావి పదిహేనో పేజీ."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ నవ్వు ఆపుకుంటోందని అందరికీ తెలిసిపోయింది. "ఇద్దరూ ఫెయిల్! కిందికి పోయి, నిజమేమిటో ఒకరినొకరు అడిగి రండి. అప్పటిదాకా మార్కుల్లేవు."

మెట్ల మీదకు రాగానే అతని నోరు గట్టు తెగింది.

"మౌనం ఇష్టమని రాసుకుంటే మాత్రం నమ్మేస్తారా? లిఫ్టు గోతిలో పొద్దస్తమానం ఒక్కణ్నే ఉంటానండీ. సాయంత్రమైతే నాలుగు గొంతులు వినబడతాయని ఈ క్లాసులో చేరాను. మీరేమో రెండు కిలోమీటర్లూ నోటికి తాళం! నేనేమైనా తప్పు చేశానా అని రోజూ కుమిలిపోయాను."

"మీకిష్టమని నోరు కుట్టేసుకున్నాను."

"నా కోసమా?"

"మరెవరి కోసం?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు తగ్గాక ఆమె ఆదివారం సంగతి చెప్పింది. ఈసారి అతను నిజంగానే మౌనంగా అయిపోయాడు. మెట్ల కమ్మీని గోటితో గీకుతూ, "ఒకటి అడుగుతాను. మార్కుల కోసం కాదు. ఆ అబ్బాయా, నేనా? ఇద్దరూ వద్దన్నా ఏమీ అనుకోను. పుస్తకంలోది మాత్రం చెప్పకండి," అన్నాడు.

"మీరే," అంది.

అంత చిన్న మాటకు చెమటలు పట్టాయి ఆమెకు.

"నేనొచ్చి మీ అన్నయ్యతో మాట్లాడనా?"

"వద్దండీ. ఇది నేనే చెప్పాలి."

ఇంటికి వెళ్లేసరికి అన్నయ్య అప్పుడే పని నుంచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. జుట్టులో, భుజాల మీద ఇంకా పిండి ఉంది. వదిన ఉల్లిపాయలు తరుగుతోంది. కూర్చుంటే ధైర్యం చాలదని ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"అన్నయ్యా, ఆ సంబంధం నాకు వద్దు. నాకు ఒకతను నచ్చాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. నువ్వు నా కోసం చదువు పోగొట్టుకున్నావు. నీకు ఎదురు చెప్తున్నానని అనుకోకు..."

వదిన కత్తిపీట పక్కకు జరిపింది. అన్నయ్య ఆమె వైపు తిరిగాడు.

"నీకు పదేళ్లప్పుడు చెప్పుల షాపుకు తీసుకెళ్లాను, గుర్తుందా? ఎర్రవా, నీలంవా అంటే 'నీ ఇష్టం అన్నయ్యా' అన్నావు. ఆడపిల్లకి ఏవి బాగుంటాయో నాకేం తెలుసు? ఎర్రవి కొన్నాను. నచ్చాయో లేదో ఇవాళ్టికీ తెలీదు."

"నచ్చాయి."

"నిజంగానా? నా కోసమా?"

ఆమె నేల చూపులు చూసింది. "నీలంవి నచ్చాయి."

అన్నయ్య నవ్వాడు. నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "అవి, బడి, ఉద్యోగం, ఇప్పుడీ పెళ్లికొడుకు... అన్నీ నేనే తేల్చాల్సి వచ్చిందే తల్లీ. ఏది తప్పు చేశానో చెప్పేవాళ్లు లేరు. ఆ భయం నీకు తెలీదు."

"మరి మీ ఓనరుకేం చెప్తారు?" అంది వదిన. "ఆయన ఊరుకుంటాడా?"

"రెండు రోజులు ముఖం ముడుచుకుంటాడు. తర్వాత పొద్దున్నే రొట్టె కావాలిగా, దారికొస్తాడు." అని ఫోను అందుకున్నాడు. అందుకున్నాడే కానీ, నొక్కేముందు వేలు కాస్త ఆగింది. ఆమె అది చూసింది. ఈయన ఇప్పటికీ తన కోసం ఎంత ఇస్తున్నాడో చూసింది.

"ఓనరు గారూ, నమస్కారం. ఆదివారం దాకా ఎందుకని ఇప్పుడే చేశాను. మా చెల్లెలు వద్దంది... లేదండీ, పిల్లవాడిలో లోపం ఏమీ లేదు... నేను నచ్చజెప్పడమా? లేదండీ. తను ఆలోచించుకునే చెప్పింది. మా ఇంట్లో ఇక ఆ మాటే ఖాయం."

ఫోను పెట్టేశాడు. ఆమె దగ్గరకొచ్చి, అతని భుజం మీది పిండి దులిపింది. చాలాసేపు దులుపుతూనే ఉండిపోయింది.

"చాల్లే, పిండి ఎప్పుడో పోయింది," అన్నాడు అన్నయ్య. "ఆ అబ్బాయిని ఆదివారం భోజనానికి రమ్మను. ఏం వండాలో నువ్వే చెప్పు, మీ వదిన వండుతుంది."

ఆమె నిదానంగా, ఒక్కొక్కటీ ఆలోచించుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. వదిన కాగితం కోసం వెతుక్కుంది.