మూడో పిలుపు

2021 ఏప్రిల్ పదకొండు, ఆదివారం, అమావాస్య. రాత్రి ఎనిమిదీ నలభై. ఆ దేశంలో ఆ రోజుల్లో ఆ వేళకి వెలుగు పూర్తిగా పోదు, చీకటి పూర్తిగా రాదు.

జర్మనీలో కీల్ అనే ఊరికి అవతల, బాల్టిక్ సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చోటు ఒకటుంది. ఒడ్డుకి కూతవేటు దూరంలో, నీళ్లలో, ఒక పెద్ద నల్లరాయి. దాని వెనక నేల ఉన్నట్టుండి దిగిపోతుంది. ఎప్పుడో ఒక ముసలాయన చేపల కోసం నడుముదాకా నీళ్లలోకి దిగి, ఆ రాయి దాటి ఒక్క అడుగు ఎక్కువ వేశాడట. ఛాతీదాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకున్నాడు పాపం... అందులోకి నీళ్లు నిండితే మనిషి మళ్లీ లేవడం కష్టం.

అప్పటినుంచీ దానికి చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే రాయి వెనకనుంచి పిలుపు వినిపిస్తుందని, అదీ మనకి బాగా తెలిసిన గొంతుతోనే వినిపిస్తుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. గాలాలమ్మే కొట్టాయన విక్రాంత్‌కి నవ్వుతూనే చెప్పాడు. కానీ చివర్లో నవ్వు ఆపేసి, "నువ్వు మాత్రం పలక్కు" అన్నాడు.

విక్రాంత్ మా భానుమతి పెద్దమ్మ అల్లుడు. కూతురు రిషిత పురిటికని వెళ్లిన పెద్దమ్మ, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయింది. నాకీ సంగతి ఆవిడ చెప్పిందే.

ఆ కరోనా రోజుల్లో కొట్లు మూసేశారు, ఆఫీసు ఇంట్లోకి వచ్చింది. మనిషి మనిషిని కలవాలంటే లెక్కలు. బయట మిగిలిందల్లా సముద్రపు ఒడ్డు. అక్కడికి విక్రాంత్‌ని లాక్కెళ్లినవాడు భార్గవ్. నరసాపురం కుర్రాడు, చేపంటే ప్రాణం. విక్రాంత్‌ని వరస కలిపి "బావా" అనేవాడు. జర్మనీ మొత్తమ్మీద విక్రాంత్‌ని అలా పిలిచేవాడు వాడొక్కడే.

"సాల్మన్ అంటే ఏదో అనుకుంటున్నావు బావా. మన పులసకి పెత్తల్లి కూతురు. అదీ ఇంతే, సముద్రం వదిలి ఏటికి ఎదురీదుతుంది. ఒక్కటి పడితే నీకు చింతపులుసు పెట్టి చూపిస్తా."

ఆ వారం భార్గవ్‌కి జ్వరం. టెస్టు చేయించుకుని, రిజల్ట్ రాక ఒక గదిలో తలుపేసుకుని ఉన్నాడు. భార్య స్నిగ్ధ అన్నం గుమ్మం ముందు పెట్టి వెళ్తోంది. ఆ మధ్యాహ్నం ఫోన్లో గొంతు నీరసంగా ఉంది.

"నోరు చచ్చిపోయింది బావా. ఇవాళ గాలి బాగుంది. నువ్వన్నా వెళ్లి ఒక్కటి పట్టుకురా."

అందుకే బయల్దేరాడు విక్రాంత్. పెద్దమ్మ గుమ్మంలో అడ్డుపడింది.

"ఆదివారం అమావాస్య బాబూ. రేపు వెళ్లకూడదూ?"

"రేపటికి గాలి మారిపోతుంది అత్తయ్యా."

"అమ్మా, జర్మన్ దెయ్యానికి మన పంచాంగం తెలీదులే" అని చంటిదాన్ని భుజాన వేసుకుని రిషిత నవ్వింది.

"దానికి తెలియక్కర్లేదు. మనకి తెలిస్తే చాలు." పెద్దమ్మ అల్లుడి ఉన్నిటోపీ పైకి జరిపి విభూతి పెట్టింది. గొంతు తగ్గించి చెప్పింది. "ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలక్కండి. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. అదైతే... రెండుసార్లతో ఆగిపోతుంది. నాకు మాటివ్వండి."

విక్రాంత్ మాటిచ్చాడు.

ఒడ్డున ఎవరూ లేరు. నీళ్లు సీసంలా ఉన్నాయి. కారులో ఫోను వదిలేసి మోకాళ్లదాకా దిగాడు. గాలం విసరడం, మెల్లగా చుట్టుకోవడం... మళ్లీ విసరడం. వేళ్లు కొయ్యబారాయి. నల్లరాయి, చీకటి కలిసిపోతున్నాయి.

అప్పుడు—

"బావా..."

రాయి వెనకనుంచే. కాస్త నవ్వు కలిసిన గొంతు. "ఏరా!" అనబోయాడు విక్రాంత్. నోరు తెరిచాడు కూడా.

భార్గవ్ ఇక్కడెందుకుంటాడు? వాడు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు... తలుపేసుకుని.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అదే క్షణాన గాలం బిగుసుకుంది. కర్ర విల్లులా వంగి, దారం నీళ్లని కోసుకుంటూ పరిగెత్తింది. పెద్ద చేప. చేతులు చేప మీద, చెవులు రాయి మీద.

"బావా—!"

రెండోసారి. ఈసారి నవ్వు లేదు. మాట సగంలో ఎవరో నోరు మూసినట్టు తెగిపోయింది. తర్వాత నీళ్ల చప్పుడు.

విక్రాంత్ ఆంజనేయుణ్ణి తలుచుకున్నాడు. పెదవులు పళ్లతో నొక్కిపెట్టి, మూడో పిలుపు కోసం చూశాడు.

మనిషైతే పిలుస్తాడు...

పిలవాలి...

చూశాడు. చూశాడు. చేప అలిసిపోయి కాళ్ల దగ్గరికి వచ్చింది. నీళ్లు మళ్లీ సీసంలా అయిపోయాయి. మూడో పిలుపు రాలేదు.

మనిషి కాదన్నమాట. చేపని ఒడ్డుకి ఈడ్చి, వెనక్కి తిరక్కుండా కారు దాకా పరిగెత్తాడు.

ఇంట్లో అతని మొహం చూస్తూనే పెద్దమ్మకి అర్థమైంది.

"పిలిచిందా?"

"రెండుసార్లు. వాడి గొంతుతోనే, అత్తయ్యా."

"పలికారా?"

"లేదు."

"నా తండ్రే. మంచి పని చేశారు." ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. దేవుడి దగ్గర దీపంలో నూనె పోసింది. తళతళలాడే సాల్మన్‌ని రిషిత ఫొటో తీసి భార్గవ్‌కి పంపింది. జవాబు రాలేదు. పడుకుని ఉంటాడులే అనుకున్నారు.

తెల్లవారాక ఫోను మోగింది. స్నిగ్ధ.

"అన్నయ్యా, ఆయన మీ ఇంట్లోనే పడుకున్నారా?"

"ఎవరు?"

"అదేంటన్నయ్యా... నిన్న సాయంత్రమే రిజల్ట్ వచ్చిందిగా, నెగెటివ్. జ్వరం కూడా దిగింది. 'బావ ఒక్కడే ఉన్నాడు, రాయి వెనకనుంచి పిలిచి కాస్త భయపెట్టొస్తా' అని తలుపు అవతలనుంచే చెప్పి సైకిలేసుకుని వెళ్లారు. ఆలస్యమైతే నన్ను లేపద్దన్నాను. ఇప్పుడు కాఫీ తెచ్చి తలుపు కొడితే పలకట్లేదు. తీసి చూశాను. మంచం... మంచం అలాగే ఉందన్నయ్యా."

వంటింట్లో పెద్దమ్మ అప్పుడే చేప మీద కత్తి పెట్టబోతోంది. అల్లుడి మొహం చూసింది. కత్తి పక్కన పెట్టేసింది.

పోలీసులకి ఫోన్ చేసి, ఇల్లంతా కదిలి ఒడ్డుకి వెళ్లారు. రాయికి అటువైపు ఒడ్డున, మూసేసిన గుడారాల మైదానం కంచెకి ఆనించి ఉంది భార్గవ్ సైకిలు. నీళ్లలో పడవ తిరుగుతోంది. నల్లదుస్తుల ఈతగాళ్లు మునుగుతున్నారు, తేలుతున్నారు. స్నిగ్ధని ఒక పోలీసావిడ కారులో కూర్చోబెట్టింది. కొంగుచాటునుంచి పెద్దమ్మ జపం వినిపిస్తోంది.

విక్రాంత్ రాయి కేసే చూస్తున్నాడు. ఉన్నట్టుండి తల ఎత్తాడు.

"ఆఁ... వస్తున్నా" అన్నాడు.

"ఎవరితో?" అంది రిషిత.

"వినపడలేదూ? వాడే. మళ్లీ పిలిచాడు." మొహంలో ఎంత వెలుగో. "మూడోసారి, అత్తయ్యా! మూడోసారి పిలిస్తే మనిషేగా... మీరే అన్నారుగా!"

వాళ్లకి వినిపించింది సముద్రపు పక్షుల అరుపులే. అతను బూట్లతోనే నీళ్లలోకి నడిచాడు. పెద్దమ్మ కట్టుచీరతోనే వెనక దిగి ఒక చెయ్యి పట్టుకుంది. చంటిదాన్ని గుండెకి అదుముకుని రిషిత రెండో చెయ్యి దొరకబుచ్చుకుంది.

రాయి వెనకనుంచి ఒక ఈతగాడు చెయ్యి పైకెత్తాడు. పడవ అటు తిరిగింది.

"వస్తున్నాన్రా... వస్తున్నా..." అంటూనే ఉన్నాడు విక్రాంత్. తల్లీకూతుళ్లు అతన్ని ఒడ్డుకి లాగుతూనే ఉన్నారు.