ఉత్తుత్తి బెల్లు

ట్రింగ్!

బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. దిగేవాళ్లు ఒక్కరూ లేరు. వెనక సీట్లో గలగల, ఆమె స్నేహితురాలు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల నోరు ఒక్క క్షణం ఊరుకోదు, అందుకే అందరికీ గలగల అయిపోయింది.

ఈ నెల నుంచి ఊళ్లో బస్సులన్నీ ఫ్రీ. "పొగ తగ్గాలంటే స్కూటర్ మానేయమ్మా!" అని అమ్మ ప్రాణం తోడేసింది ఎవరనుకున్నారు? మన గలగలే! పక్కింటి అత్తయ్యను, పైవాటా మాస్టారిని కూడా ఒప్పించింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. కూతురు స్కూలు నుంచి వచ్చి దిగే బస్సే ఎక్కి మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తుంది.

"ఫ్రీ బస్సే కదా, ఇంకోసారి నొక్కవే!" అంది స్నేహితురాలు.

ట్రింగ్! దారి పొడవునా ట్రింగ్!

గలగల దిగేసరికి స్టాపులో అమ్మ లేదు. ఇంటి గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ స్టార్ట్ చేస్తోంది. వెనక పక్కింటి అత్తయ్య కూర్చుంది.

"నీ మాట విని నిలబడితే కాళ్లు పీకాయి గానీ టైముకి బస్సు రాలేదు. ఇవాళ నాకు చీవాట్లు ఖాయం. రేపట్నుంచి నా స్కూటరే నాకు దిక్కు" అంది అమ్మ.

గలగల బెల్లు నొక్కిన చెయ్యి వెనక్కి దాచుకుంది. అంత పని చేసింది తన వేలే! సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

మర్నాడు స్కూలు వదిలాక బస్సెక్కగానే డ్రైవర్ దగ్గరికి వెళ్లింది. "అంకుల్, నిన్న ఉత్తుత్తి బెల్లు కొట్టింది నేనే. సారీ."

"అద్దంలో చూస్తూనే ఉన్నానమ్మా. కానీ ఆపకపోతే ఎలా? నిజంగా దిగేవాళ్లుంటే?" అన్నాడు డ్రైవర్.

కాసేపటికి స్నేహితురాలి చెయ్యి బెల్లు మీదికి వెళ్లింది.

"తియ్, చెయ్యి తియ్! మా అమ్మకి లేటవుతుంది!"

బస్సు జోరందుకుంది. ఇంటి స్టాపు రాగానే గలగల బెల్లు నొక్కింది. ఆ రోజుకి అదొక్కటే. దిగీ దిగగానే వీధంతా దద్దరిల్లేలా అరిచింది. "అమ్మా, ఆగు! బస్సొచ్చేసింది!"

అమ్మ హెల్మెట్ సర్దుకుంటున్నదల్లా వాచీ చూసుకుంది. "అరె, టైముకే వచ్చిందే!"

"నిన్న లేటు నావల్లేనమ్మా. ఊరికే బెల్లు కొట్టాను. ఇంక కొట్టను."

"ఓసి గడుగ్గాయీ! ఇంటికొచ్చాక నీ సంగతి చెప్తా" అని అమ్మ కళ్లెర్రజేసింది. అంతలోనే నవ్వొచ్చేసింది. హెల్మెట్ తీసి కూతురి నెత్తిన పెట్టి, పరుగున బస్సెక్కింది. వెనకే అత్తయ్య, ఆమె వెనకే మాస్టారు!

డ్రైవర్ గట్టిగా హారన్ కొట్టాడు. హెల్మెట్ ముక్కు మీదికి జారిపోతున్నా గలగల రెండు చేతులూ ఊపుతూ, బస్సు మలుపు తిరిగేదాకా గెంతుతూనే ఉంది.