చూపుకు కాస్త పక్కగా

సాహిరా మొదటిసారి నా కొట్టుకు వచ్చినప్పుడు, నాతో మాట్లాడుతూ నా భుజం పక్కనున్న గోడను చూసింది.

"మా అమ్మ కళ్లజోడండీ. కాడ విరిగింది."

సూళ్లూరుపేట బజారులో నాది కళ్లజోళ్ల కొట్టు. రోజంతా పరుల కళ్లలోకి చూడటమే నా వృత్తి. ఆ కళ్లు నా చేతిలోని అద్దాన్ని చూస్తాయి; నన్ను చూడవు. కొట్టు మూశాక నన్ను ఆఫ్తాబ్ అని పిలిచే గొంతు ఉండదు. అందుకే కాబోలు, ఆమె చూపు కావాలనిపించింది.

ఆమె జోడు తీసుకుపోవడానికి వచ్చిన రోజు నా స్టూలును ఆ గోడ దగ్గరికి జరుపుకున్నాను. ఆమె చూపు ఇంకా అవతలనున్న క్యాలెండరు మీదికి పోయింది. ముక్కు దగ్గర నొక్కుతోందని మళ్లీ వచ్చినప్పుడు క్యాలెండరు కింద కూర్చున్నాను. ఆమె తలుపును చూసింది.

నాలుగోసారి వాన. సరిచేసిన జోడును సంచిలో పెట్టుకుంది.

"ఇంక బాగానే ఉండాది. మళ్లా రానక్కర్లేదు," అంది, తలుపుతో.

నా ఓపిక తెగింది. "నేనేం చేసినానండీ మీకు? గోడతో మాట్లాడినారు, క్యాలెండరుతో మాట్లాడినారు. నా మొగం అంత చూడకూడనిదా?"

"మిమ్మల్ని చూడాలనే గదండీ గోడను చూసింది!"

"ఎగతాళా?"

"కాదు. కంటి వెనక తెర ఉంటది గదా, దాని నడిమధ్య చిన్న చుక్క. తిన్నగా చూసిందంతా ఆడనే పడాల. నాకు పదహారో ఏట అది చెడిపోయింది. తిన్నగా చూస్తే మీ మొగం ఉండాల్సిన చోట మసక. పక్కకు చూస్తే తెర అంచులో మీరొస్తారు." కాస్త ఆగింది. "పెళ్లిచూపుల్లో పొగరన్నారు."

అద్దాల పేరెత్తబోయి ఆగాను. ఎంత నునుపుగా అరగదీసినా అద్దం వెలుగును ఆ తెర దాకానే చేర్చగలదు. అందుకునే చోటు లేనప్పుడు నా పనితనమంతా వ్యర్థం.

"మీరేమో కుదురుగా ఉండరు," అంది. "నేనొచ్చినప్పుడల్లా సరిగ్గా నా చూపుకే అడ్డమొస్తారు. మళ్లా వెతుక్కోవాల."

ఆమె చూపు పడాలని జరిగిన ప్రతి చోటా నేను ఆమెకు లేకుండా పోయాను. కనబడాలన్న నా కోరికే నన్ను దాచింది.

"వెతుక్కున్నారా?"

"మరి? పొయ్యేదానికి ముందు ప్రతిసారీ."

"సాహిరా గారూ, ఈ కొట్టుకు చానామంది వస్తారు. నాకోసం ఎవురూ రారు. జోడు బాగున్నా సరే, మీరు రావాల."

ఆమె గుమ్మం దగ్గరి బల్ల మీద కూర్చుని, కాస్త జరిగింది.

"ఎదురుగా వద్దు. పక్కన కూర్చోండి."

కూర్చున్నాను. ఆమె వీధిలోని వానను చూస్తోంది.

"మీసం ఒకపక్క పలచన," అంది.

సిగ్గుతో తల తిప్పబోయాను.

"కదలబాకండి."