శాలువాలో చుట్టిన చట్రాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. వసారాలో కుర్చీలో తాతయ్య, వంటింట్లో మేనత్త, ఏ గదిలోనూ కాలు నిలవక తిరుగుతున్న ఆ పిల్ల. నాన్న పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయాడు. ఉంటే ఆయన వెనక దాక్కునేది.

పెరట్లో మిగిలింది ఒకే తేనెపెట్టె. రెండేళ్ల కిందట పోయిన అమ్మ పెంచిన ఈగలవి. పూలు విరగబూసి ఈగలు పెరిగాయి, పెట్టె ఇరుకైంది. అమ్మ దాచిన చెక్క చట్రాలు, పెట్టెలో వేలాడదీసేవి, ఆరున్నాయి. వాటిలో ఈగలు ఎప్పుడో కట్టిన మైనపు గదులున్నాయి. అవి పెడితే ఈగలు నేరుగా తేనె నింపుకుంటాయి. లేదంటే పూలకాలమంతా గదులు కట్టుకోవడానికే సరి.

చెయ్యి విరిగి నెలన్నర మంచం పట్టిన అత్తకు నిన్ననే కట్టు విప్పారు. వంటింట్లోంచి వసారాలోకి వచ్చి చూరు వైపు చూసింది.

“ఇక్కడ వేలాడదీసిన చట్రాలేవే?”

పిల్ల తాతయ్య కుర్చీ వెనక్కి జరిగింది.

“నిన్నే! నోట్లో నీళ్లు పోసుకున్నావా?”

“ట్రంకుపెట్టెలో పెట్టాను. నువ్వు కరిగించేస్తానన్నావుగా... అమ్మ శాలువాలో చుట్టి...”

అత్త ముఖం మాడిపోయింది. మంచం కింది పెట్టె బరబరా లాగి మూత తీసింది. బూడిదరంగు రెక్కల పురుగులు గుప్పున లేచాయి. గదులున్న చోట బూజూ నల్లటి పొట్టూ. అందులో తెల్లగా బలిసిన పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. చట్రం కర్రనూ తొలిచేశాయి.

“చీకటి, ఉక్క, కావలసినంత మైనం. పైన శాలువా కూడా కప్పావు! పురుగులకి పుట్టింటి మర్యాదలన్నీ చేశావే తల్లీ!”

“నీకు అమ్మ వస్తువులంటేనే గిట్టదు!” పిల్ల మొదటిసారి అత్త మీద గొంతెత్తింది.

“గిట్టదా? కరిగిస్తానన్నది నల్లబడిన రెండే. వెలుతురూ గాలీ తగిలేలా ఎడంగా కట్టి, రెండేళ్లుగా వారం వారం దులిపిందెవరనుకున్నావ్? మీ నాన్నా? ఆయనకి తన చొక్కా ఎక్కడుందో తెలీదు!”

“పోనీలేవే, పసిది,” అన్నాడు తాతయ్య.

“పదిహేనేళ్ల పసిది! మీరు వెనకేసుకురాకండి నాన్నా.”

ఉన్న ఒక్క తేనెపెట్టెలోకి పురుగు దూరకముందే కాల్చాలని అత్త పెరట్లో మంట వేసింది. ఒక చట్రం మూల అరచేతి మేర గదులు చెదరకుండా ఉన్నాయి. పిల్ల దాన్ని గుండెకు హత్తుకుంది.

“ఇదొక్కటీ ఉంచు అత్తా.”

“పురుగు గుడ్లు నీ కంటికి కనపడతాయా? ఇలా తే!”

లాక్కుని మంటలో పడేసింది. మైనం భగ్గున అంటుకుంది. ఈ ఏడు తేనె లేదని పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడుస్తూ నిలబడింది.

మంట ఆరింది. అత్త చేతిలో శాలువా మాత్రం అలాగే ఉంది. బొక్కలు పడ్డ అంచు మీది పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి పారేసి, దాన్ని మడిచి తన గదివైపు నడిచింది. పిల్ల వెనకే పరుగెత్తింది. ఈసారైనా తప్పు జరగకూడదు.

“అత్తా... దాన్లోనూ గుడ్లుంటాయి కదా. అదీ కాల్చాలేమో.”

అత్త గడపలో ఆగి తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడిగితే పొగ అని ఉండేది.

“తెలుసు,” అంది. శాలువాను రెండు చేతులా పొదివి పట్టుకుని, పిల్ల ముఖం మీదే భుజంతో తలుపు నెట్టేసింది.