చర్చి వెనక నీలం కారు

"పొడుగు వైరు ఎవరు తీశారని మూడోసారి అడుగుతున్నా. విన్నిపెగ్ చలిలో రాత్రంతా కరెంటు పెట్టి ఇంజను వెచ్చబెట్టకపోతే మన కారు కదులుతుందా?"

"ఇంకోటుందిగా," అన్నాడు గ్లెన్, టోస్టుకి వెన్న రాస్తూ.

"అది పొట్టిది, కారుదాకా రాదు. నీ నాలుకైతే ఎక్కడిదాకానైనా వస్తుంది," అంది వెర్నా.

వాళ్ల పదిహేడేళ్ల కూతురు కార్లీ తలెత్తలేదు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో ఓటింగు ఉంది. అద్దె కట్టలేక వీధిన పడబోయేవాళ్లకి చర్చి వెనక ఖాళీ స్థలంలో నలభై చవక అద్దె వాటాలు కట్టాలా, వద్దా అని. వద్దన్నవాళ్ల సంతకాలు వెర్నానే ఇంటింటికీ తిరిగి పోగుచేసింది. 'మా వీధిలో వద్దు' అన్న బోర్డు వాకిట్లో మంచులో పాతి నెలయింది.

"కట్టకముందే అలాంటివాళ్లు దిగారు," అంది వెర్నా. "అక్కడ ఒక నీలం కారు నాలుగు రోజులుగా కదలట్లేదు. అద్దాలకి లోపలివైపంతా మంచు. లాగుడు బండికి ఫోను చేశా, తొమ్మిదింటికి ఎత్తుకుపోతారు."

కార్లీ గడియారం చూసింది. తొమ్మిదికి రెండు నిమిషాలే ఉంది.

"అమ్మా, రాత్రి ఆ వైరు చర్చి గోడ ప్లగ్గు నుంచి ఆ కారుకే పెట్టాను, ఇంజను పట్టి హీటరు నడవాలని. అది రస్ మామయ్యది. ఈమధ్యే కొన్నాడు."

"మా అన్నయ్యకి అద్దె గదుంది కదే?"

"ఆ ఇల్లు అమ్మేసి అందర్నీ ఖాళీ చేయించారు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. పొద్దున్నించీ ఫోను ఎత్తట్లేదమ్మా."

లోపలివైపు మంచు. తనన్న మాటే వెర్నాకి అప్పుడు అర్థమైంది. మనిషి ఊపిరే అలా గడ్డకట్టింది.

రెండిళ్ల అవతలే చర్చి. ఇంటి చెప్పులతోనే పరుగెత్తింది. లాగుడు బండి అప్పటికే ముందు చక్రాలు పైకి లేపింది. "ఆపండి, లోపల మనిషున్నాడు," అంటూ అద్దాన్ని అరచేత్తో బాదింది. చలనం లేదు. మళ్లీ బాదింది. గ్లెన్ తలుపు లాగితే గడ్డకట్టి రాలేదు.

చాలాసేపటికి అద్దం మీద రూపాయంత చోటు కరిగింది. అందులోంచి ఒక కన్ను చూసింది. బండివాడు కారు కిందికి దించాక, లోపల్నుంచి అతను తోస్తూ బయట్నుంచి గ్లెన్ లాగితే తలుపు వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదన్నయ్యా?" అంది, అతన్ని పట్టి దించుతూ.

"వచ్చానే తల్లీ. వాకిట్లో బోర్డు చూసి వెనక్కెళ్లా."

వంటింట్లో అతని వేళ్లు కప్పు పట్టలేకపోతుంటే కార్లీ పట్టుకుని తాగించింది. వెర్నా బయటికెళ్లి, బోర్డు పీకి తెచ్చి తలుపు వెనక ఆనించింది. చేతులు తుడుచుకుంది. కళ్లు తుడుచుకోలేదు.

"ఇవాళ కట్టాలనే చెయ్యెత్తుతాను," అంది మెల్లగా. "ఓటింగు లోపు, సంతకాలు పెట్టిన ప్రతి ఇంటికీ నేనే వెళ్లి చెప్తాను. ఆ వాటాలు లేచేదాకా అన్నయ్య మన మేడమీది గదిలో ఉంటాడు."