కోడ్ చూపని మిషన్

"మీ తమ్ముడిది యాక్సిడెంట్ కాదు," అన్నాడు చీఫ్, ఫైలు తెరవకుండానే.

మెకానిక్ తలెత్తలేదు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతణ్ణి ఆ పేరుతోనే పిలుస్తారు. పాత ఎక్స్‌కవేటర్లు బాగుచేసేవాడిగా వేషం వేసి వేసి, చివరికి ఆ పని నిజంగానే ఒంటబట్టించుకున్న ఏజెంట్ అతను. తమ్ముడిదీ అదే డిపార్ట్‌మెంట్, అదే వేషం. పోయిన వారం సెకండ్ హ్యాండ్ మిషన్ల యార్డులో ఎక్స్‌కవేటర్ ఇనప చెయ్యి, బూమ్, తన మీద పడి చనిపోయాడు.

"చివరి మెసేజ్ ఒక్కటే వచ్చింది. 'ఆరింట్లో ఒకటి మనది కాదు.' విదేశీ ముఠా ఓడలో పంపిన ఆరు మిషన్లూ ఇవాళ హాస్పిటల్ వెనక తవ్వకంలో ఉన్నాయి. పక్కనే గ్యాస్ మెయిన్ లైన్. ఒకదాంట్లో మిషన్‌కి మెదడులాంటి అసలు కంట్రోలర్ తీసి నకిలీది పెట్టారు. రిమోట్ నొక్కితే చాలు, డ్రైవర్ లేకుండానే బకెట్ వెళ్ళి పైపు మీద పడుతుంది."

"పని ఆపించండి సార్."

"ఆపితే రిమోట్ పట్టుకున్నవాళ్ళు మాయమైపోతారు. రేపు ఇంకో హాస్పిటల్. నడవగలిగే పేషెంట్లను మెల్లగా బయటికి పంపిస్తున్నాం. ఐసీయూ వాళ్ళను కదపలేం." చీఫ్ బల్ల మీద ఒక గ్రీజ్ గన్ పెట్టాడు. "ఇందులో జామర్ ఉంది. పిడి నొక్కితే చుట్టుపక్కల రేడియో సిగ్నల్ చచ్చిపోతుంది."

"గ్రీజ్ వస్తుందా?"

"రాదు."

"అయితే ఎవరైనా అడిగి తీసుకుంటే మన పని అయిపోయినట్టే."

చీఫ్ నవ్వబోయి మానుకున్నాడు. "సైట్‌లో మీ మరదలు ఉంది. మిషన్లు కొన్న డీలర్ వేషంలో. భర్త పోయి వారమైనా కాలేదు, డ్యూటీకి వస్తానంది. కాస్త చూసుకో."

* * *

తెల్ల కారు పక్కన నల్ల కళ్ళద్దాలు, మెడలో ఎర్ర సిల్కు స్కార్ఫ్, చేతిలో ఖరీదైన బ్యాగు. సైట్‌లో పనివాళ్ళంతా పనిమాలా ఆ దారినే నడుస్తున్నారు. మెకానిక్ నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికెళ్ళాడు.

"మాట వినే మిషన్ ఏదైనా ఉందా మేడమ్?"

"మాట వినేవి మిషన్లలో ఎక్కడున్నాయి?"

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "భోంచేశారా బావగారూ?"

"లేదు. అమ్మ నిన్ను రాత్రికి ఇంటికి తీసుకురమ్మంది. నీ కంచం ఇంకా వాడి కంచం పక్కనే పెడుతోంది."

ఆమె అద్దాలు సర్దుకుంది. "ఆ గ్రీజ్ గన్ నాకివ్వండి. మీ రెండు చేతులూ మిషన్‌లో ఉంటాయి. ఏదైనా తేడా వస్తే నేను నొక్కుతాను."

అతను ఇచ్చేశాడు. ఇంట్లో మనిషికి ఇంటి తాళం ఇచ్చినట్టు ఇచ్చేశాడు.

మొదటి మిషన్‌కి ట్యాబ్లెట్ తగిలించాడు. స్క్రీన్ నిండా మిషన్ లోపాలు చెప్పే ఫాల్ట్ కోడ్లు. నీళ్ళ వేడి సెన్సర్, ఆయిల్ ప్రెషర్, బ్యాటరీ వోల్టేజ్. ముసలాళ్ళు క్లినిక్‌లో కూర్చుని చెప్పుకునే జబ్బుల్లా ఒకదాని వెంట ఒకటి. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

నాలుగోది ఎక్కాడు. సీటు చిరిగి దూది బయటికొచ్చింది, పెడల్స్ అరిగి నున్నబడ్డాయి. స్క్రీన్ మీద మాత్రం ఒక్క కోడ్ లేదు.

"నీకేమీ రోగాల్లేవా తల్లీ?" అన్నాడు మెకానిక్.

అమ్మేవాళ్ళు కోడ్లు తుడిచేసి అంటగట్టడం మామూలే. అందుకే ఇంజన్ స్టార్ట్ చేసి, చెయ్యి చాచి ఒక సెన్సర్ ప్లగ్ ఊడదీశాడు. ప్లగ్ ఊడితే ఏ కంట్రోలరైనా గగ్గోలు పెట్టాలి. ఇది నోరు మెదపలేదు. లోపల ఉన్నది సెన్సర్ల మాట వినే కంట్రోలర్ కాదు.

దొరికింది.

సీటు వెనక మూత తీశాడు. కంట్రోలర్ ప్లగ్ చుట్టూ నల్ల టేపు, కొత్తది. టేపు చివర చిన్నగా లోపలికి మడిచి ఉంది.

అతని చేతులు ఆగిపోయాయి.

ఆ మడత అతను నేర్పిందే. 'చుట్టాక చివర మడవాలి. రేపు విప్పేవాడి గోరు విరగకూడదు.' శిష్యులు ఇద్దరే. తమ్ముడు జన్మలో మడవలేదు. 'ముక్కూ మొహం తెలియని వాడి గోరు మీదున్న ప్రేమ నా మీద లేదన్నయ్యా,' అని వెక్కిరించేవాడు. మడిచింది రెండో శిష్యురాలు. అప్పటికింకా మరదలు కాలేదు. ఆ టేపు దగ్గరే తమ్ముడు ఆమెను మొదటిసారి చూశాడు.

క్యాబిన్ అద్దంలోంచి అటు చూశాడు. ఆమె ఇటే చూస్తోంది. అతని ముఖం చదివేసింది. గ్రీజ్ గన్ మట్టిలో పడి ఉంది. బ్యాగులోంచి పౌడర్ డబ్బా తీసి, మూత తెరిచి, అద్దం మీద వేలు పెట్టి నొక్కింది. రిమోట్ అదే.

ఇంజన్ ఒక్కసారి గర్జించింది. ఎవరూ ముట్టుకోకుండానే లీవర్లు బిగుసుకుపోయాయి. మిషన్ గిర్రున తిరిగింది. అతని భుజం తలుపుకి కొట్టుకుంది. బూమ్ లేచి కందకం మీదికి వంగింది. కింద పసుపు పచ్చ పైపు. గోడ అవతల ఐసీయూ కిటికీ దగ్గర ఒక నర్సు ఎవరికో దుప్పటి సర్దుతోంది.

కత్తి వెతికే టైం లేదు. మడతను రెండు వేళ్ళతో పట్టి లాగాడు. టేపు ఒక్క లాగులో ఊడి చేతికొచ్చింది. ప్లగ్ పీకేశాడు.

ఇంజన్ ఆగిపోయింది. బకెట్ పళ్ళు పైపుకి జానెడు ఎత్తులో నిలిచిపోయాయి.

* * *

ఆమె పారిపోలేదు. వాచ్‌మన్ల వేషంలో ఉన్న మనవాళ్ళు చుట్టుముట్టేసరికి కారుకి ఆనుకుని నిలబడి ఉంది.

"మడిచి పెట్టానా?" అంది.

"పెట్టావు."

"చెయ్యి అలవాటైపోయింది బావగారూ. చూసుకోనే లేదు."

"వాణ్ణి ఎందుకమ్మాయ్?"

"ఆయనకి అనుమానం వచ్చిందని ముఠాకి చెప్పింది నేనే. కానీ చంపుతామని వాళ్ళు చెప్పలేదు. యార్డులోంచి పంపించేస్తామన్నారు. మొదట్లో మా ఇద్దరికీ కొత్త పేర్లు, పాస్‌పోర్టులు ఇస్తామన్నారు. ఈ వేషాలు లేని చోట బతకాలనుకున్నాను." అద్దాలు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "ఆయన పోయాక, వెనక్కి రావడానికి ఇంకెవరున్నారని?"

"కంచం పెట్టే మనిషి ఉంది కదా."

ఆమె చేతులు తనే ముందుకు చాచింది.

ఆమెను ఎక్కించుకున్న డిపార్ట్‌మెంట్ కారు వెళ్ళిపోయాక ఫోన్ మోగింది. అమ్మ. "కోడలు వస్తోందా? దానికీ బియ్యం పోయనా?"

"రాదమ్మా. డ్యూటీ పడింది."

"పాపం, ఎంత కష్టం దానికి," అంది అమ్మ.

అతను ఫోన్ పెట్టేసి, ఆమె తెల్ల కారు డిక్కీలో దొరికిన అసలు కంట్రోలర్‌ని నాలుగో మిషన్‌లో బిగించాడు. టేపు చుట్టాడు. చాలాసేపు దాన్నే చూసి, చివర మడిచాడు. తాళం తిప్పాడు.

కిందనుంచి చీఫ్ అరిచాడు. "ఏమిటయ్యా, ఇంకా ఏమైనా ఫాల్ట్ ఉందా?"

"స్క్రీన్ నిండా ఉన్నాయి సార్."

"మరి?"

"ఇప్పుడు నమ్మొచ్చు."